తొమ్మిది సెకన్లు

జనవరి 9

ఇవాళ అక్క మాట్లాడింది. ఐదు నెలల తర్వాత. పదకొండు నిమిషాలు పట్టింది, అన్నది మూడే మాటలు: "తమ్ముడూ ఫ్యాను తగ్గించు."

నేను ఫ్యాను సంగతి వదిలేసి కుర్చీలో కూలబడి ఏడ్చాను. కాజాలావిడే లేచి తగ్గించింది. అక్క కుట్టుకొట్లో పదహారేళ్ళు కాజాలు కుట్టిన మనిషి, ఇప్పుడు పగలంతా అక్కకి తోడు ఆవిడే. "ఇన్నాళ్ళూ చలికి వణుకుతూ చెప్పలేకపోయింది కాబోలు. తర్వాత ఏడవచ్చులే బాబూ, ముందు ఆ దుప్పటి ఇలా అందుకో" అంది.

పక్షవాతం అక్క కుడివైపంతా పట్టుకుపోయింది, నోట్లో మాట పట్టుకుపోయింది, ఎడమ చేతిని కూడా సగం తినేసింది. ఎడమ పాదం మాత్రం వదిలింది. ముప్ఫై ఏళ్ళు మిషన్ తొక్కిన పాదం కదా, దాని జోలికి రావడానికి జబ్బుకి కూడా ధైర్యం చాలినట్టు లేదు. అందుకే కొట్లోని కరెంటు మిషన్ పెడల్ తెచ్చి కంప్యూటర్‌కి కలిపాను. తెర మీద మాటలూ అక్షరాలూ గళ్ళలో ఉంటాయి. వెలుగు వరస వెంట వరస దిగుతుంది. కావలసిన వరస వెలిగినప్పుడు అక్క తొక్కితే, తర్వాత ఆ వరసలో ఒక్కో గడీ వెలుగుతుంది. మళ్ళీ తొక్కితే ఆ మాట పడుతుంది. ప్రోగ్రాంగా చూస్తే పెద్ద గొప్పేం లేదు, నాలుగు సాయంత్రాల పని.

వెలుగు ఎంతసేపు ఆగాలన్నదే తేలలేదు. రెండు సెకన్లు పెడితే అక్క కాలు కదిలేలోపు వెలుగు దాటిపోయింది. నాలుగు పెట్టాను, ఐదు పెట్టాను, అక్క కళ్ళలో కోపం తప్ప ఏమీ రాలేదు. చిన్నప్పుడు కొట్లో నేను కత్తెర పట్టుకున్నప్పుడల్లా వేలి మీద కొట్టి అనేది, "ముందు కొలత, తర్వాత కత్తెర." అది గుర్తొచ్చి స్టాప్‌వాచ్ తీశాను. ఫలానా గడి అనుకోగానే కనురెప్ప వెయ్యమన్నాను. రెప్ప పడిన దగ్గర్నుంచి పాదం దిగేదాకా కొలిచాను. నలభై సార్లు. ప్రతిసారీ ఏడు, కాస్త అటూ ఇటూ. చంటిపిల్లల గౌన్లకి అక్క లోపల గుడ్డ వదిలినట్టు పైన రెండు వదిలాను. తొమ్మిది.

జనవరి 12

లాప్‌టాప్ ఎప్పుడు చస్తుందో తెలీదు. అందుకని ప్రోగ్రామంతా అందరూ చూసే ఓపెన్ సోర్స్ సైటులో పెట్టేశాను. పేరు 'పెడల్'. కింద రెండు ముక్కలు రాశాను: "మా అక్క కోసం రాసింది. ఇంకెవరికైనా పనికొస్తే తీసుకోండి."

ఇంకో ఏర్పాటు కూడా చేశాను. అక్క కంప్యూటర్ రోజూ తెల్లవారుజామున సైటు నుంచి కొత్త కోడ్ తనే తెచ్చుకుంటుంది. నేను ఆఫీసులో కూర్చుని ఏదైనా దిద్దినా మర్నాటికల్లా అక్క దగ్గర ఉంటుంది. నా తెలివికి నేనే వీపు తట్టుకున్నాను.

జనవరి 21

అక్క నోరు మళ్ళీ లేచింది. ఇవాళ్టి మాటలు: "బొత్తాం ఊడింది." "జుట్టు కత్తిరించుకో." "కాజాలావిడకి కూర ఎక్కువ వెయ్యి." ఇరవై నిమిషాలు కష్టపడి కూడా మనిషి తిట్టడానికే వాడుకుంటోంది. బోర్డు మీద కొట్టు మాటలు కూడా పెట్టమంది. కొలత, తాళం, కత్తెర, మళ్ళీ, వద్దు. పెట్టాను.

ఫిబ్రవరి 2

ఎవరో ముగ్గురు 'పెడల్'కి నక్షత్రం గుర్తు పెట్టారు. నచ్చితే పెడతారు, అంతే, దాంతో ఒరిగేదేమీ లేదు. అక్కకి చెప్పాను. పెడల్ తొక్కి తొక్కి అడిగింది: "మూడు చుక్కలేనా."

ఫిబ్రవరి 17

నాలుగు వందల పన్నెండు చుక్కలు.

ఎక్కడో ఒక స్పీచ్ థెరపిస్టు తన దగ్గరకొచ్చే రోగికి పెడల్ పెట్టి, ఆ వీడియో తీసి నలుగురికీ చూపించింది. అక్కడ మొదలైంది. ఒకావిడ రాసింది, వాళ్ళాయన రెండేళ్ళ తర్వాత "లైటు తియ్యి" అన్నాడట. ఆ ఉత్తరం అక్కకి చదివి వినిపించాను. అక్క ఎడమ కంట నీళ్ళు వచ్చాయి. ఆ కన్ను ఎప్పుడూ కారుతూనే ఉంటుంది కానీ, ఇవి వేరు, నాకు తెలుసు.

ఇన్నేళ్ళ ఉద్యోగంలో నేను రాసిందేదీ ఒక మనిషికి పనికొచ్చినట్టు తెలీదు. ఈ ఒక్క రోజు కోసం పుట్టినా చాలనిపించింది.

మార్చి 8

1,900. ఫిర్యాదులు, కోరికలు కలిపి ఎనభై ఏడు. భోజనం చేస్తూ జవాబులు, బస్సులో జవాబులు. గుడ్లగూబ బొమ్మ పెట్టుకున్న మనిషొకరు సాయం వస్తున్నారు. పేరు తెలీదు, ఊరు తెలీదు, ఆడో మగో తెలీదు. పని మాత్రం బంగారం. నేను గుడ్లగూబ అనే పిలుచుకుంటున్నాను.

సాయంత్రం నేను ఫోన్‌లో జవాబు రాస్తుంటే అక్క ఏదో చెప్పడం మొదలుపెట్టింది. తల ఎత్తేసరికి తెర మీద "ఇటు చూడు" అని ఉంది. ఎంతసేపటి నుంచి ఉందో.

మార్చి 22

కొట్టు యజమాని ఫోన్. ఏడు నెలలుగా తాళం వేసి ఉన్న కొట్టు, తీస్తారా, ఖాళీ చేస్తారా చెప్పమన్నాడు. అక్కని అడిగాను. ఇరవై ఆరు నిమిషాలు. "తాళం ఇవ్వద్దు. జూన్ లో కాజాలావిడ తీస్తుంది."

కాజాలావిడ చీపురు పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయింది. "నేనా? నాకు కాజాలు తప్ప ఏం వచ్చు అక్కా?" అంది. అక్క ఇంకో ఆరు నిమిషాలు తొక్కింది: "నేర్పుతా."

ఏప్రిల్ 3

గుడ్లగూబ ఒక మార్పు పంపింది. ఎవరూ ఏమీ మార్చకపోతే ఉండే సమయం తొమ్మిది సెకన్ల నుంచి రెండున్నరకి. కారణం కూడా రాసింది: కొత్తగా తెరిచినవాళ్ళు వెలుగు కదలకపోవడం చూసి ప్రోగ్రాం బిగుసుకుపోయిందనుకుంటున్నారు, నిమిషంలో మూసేసి పోతున్నారు, ఎక్కువమందికి రెండున్నర సరిపోతుంది. లెక్కలూ చూపించింది. కాదనడానికేం లేదు.

కాసేపు మనసొప్పలేదు. "అందరికీ సరిపోయే చొక్కా ఎవరికీ సరిపోదు" అనేది అక్క. కానీ చొక్కా వేరు, ఇది వేరు. నెమ్మదిగా కావలసినవాళ్ళు సెట్టింగుల్లో తమ అంకె తాము రాసుకోవచ్చు కదా. ఆఫీసు లిఫ్టులో నిలబడి ఫోన్‌లోనే సరేనన్నాను. నాలుగో అంతస్తుకి వచ్చేలోపు అయిపోయింది.

ఏప్రిల్ 4

2,800.

ఏప్రిల్ 5

అక్కకి ఒంట్లో బాగోలేదు. నిన్నటి నుంచీ "కిటికీ కిటికీ కిటికీ" అంటోంది. తెరిస్తే మళ్ళీ కిటికీ. మూస్తే మళ్ళీ కిటికీ. చివరికి నా మీద కళ్ళెర్రజేసింది.

కాజాలావిడ అంది, "ఆ మిషన్ పరుగెడుతోంది బాబూ. వెలుతురు నిలబడట్లేదు."

"అక్క నీరసంగా ఉంది కదా, అందుకని అలా అనిపిస్తుంది" అన్నాను.

ఏప్రిల్ 10

డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. స్కానులో కొత్తగా ఏమీ తేలలేదట. "చిన్నది ఇంకోటి వచ్చి ఉండొచ్చు, స్కానుకి అందదు. మాటలు తారుమారవుతున్నాయంటే మంచి సూచన కాదు. మీరు కాస్త మనసు గట్టిచేసుకోవాలి" అన్నాడు. ఆయన ముందు గట్టిగానే ఉన్నాను. బయట ఆగి ఉన్న కార్ల మధ్యకి వచ్చాక ఉండలేకపోయాను.

అక్క పోతోంది. మనిషి ఇక్కడే కూర్చుని ఉంది, కొంచెం కొంచెంగా పోతోంది.

ఏప్రిల్ 14

3,700. సెకన్లు తగ్గించిన దగ్గర్నుంచి కొత్తవాళ్ళు ఉంటున్నారు. గుడ్లగూబ చెప్పింది నిజం.

కాజాలావిడ మళ్ళీ అదే పాట. "మునుపు వెలుతురు కుదురుగా కూర్చునేది బాబూ. ఇప్పుడు కుక్క తరిమినట్టు పోతోంది. నువ్వొకసారి పక్కన కూర్చుని చూడరాదూ." ఆదివారం చూస్తానన్నాను. కాజాలు కుట్టే మనిషికి సాఫ్ట్‌వేర్ ఏం తెలుస్తుంది. అక్క చురుకు తగ్గిందని ఒప్పుకోలేక పాపం మిషన్ మీద నెడుతోంది.

ఏప్రిల్ 19

కొట్టు యజమాని రేపటికల్లా ఏదో ఒకటి చెప్పమన్నాడు. అక్కని అడిగాను, చెవి దగ్గరగా, ఒక్కో మాటా విడివిడిగా. "అక్కా, కొట్టు ఇచ్చేద్దామా?" చాలాసేపు తొక్కింది. నుదుటి మీద చెమట పట్టింది.

"దుప్పటి దుప్పటి నీళ్ళు."

ఈ ఎండల్లో దుప్పటి. ఒకటి కప్పాను. రెండుసార్లు అన్నది కదా అని రెండోది కూడా కప్పాను. నీళ్ళు తాగించబోతే పళ్ళు బిగించింది. ప్రశ్న అర్థమే కాలేదు. మనిషి ఇంతవరకూ వచ్చాక కొట్టు ఎవరి కోసం.

తాళం ఇచ్చేశాను. కాజాలావిడకి, అక్క సరేనందని చెప్పాను. వద్దనలేదు కదా. మౌనం అర్ధాంగీకారం అంటారు.

ఏప్రిల్ 20

కాజాలావిడా నేనూ కలిసి కొట్లోని మూడు మిషన్లూ కటింగు బల్లా తీసుకెళ్ళి ఆవిడ ఇంట్లో దింపించాం. బల్ల మీద అక్క చేత్తో గీసిన సుద్ద గీత ఒకటి ఇంకా ఉంది. ఆవిడ దాన్ని కొంగుతో తుడవబోయి మానేసింది.

ఏప్రిల్ 26

అక్క పెడల్‌ని తన్నేసింది. అది మంచం కిందకి పోయింది. తీసి పెడితే మళ్ళీ తన్నింది. మూడోసారి తీసి అల్మారాలో పెట్టాను.

మే 3

ఆరు వేలు దాటాయి. ఇవాళ ఆన్‌లైన్ సభలో 'పెడల్' గురించి మాట్లాడాను. రెండు వందల మంది విన్నారు. ఒక చిన్న పని ఎలా పెరుగుతుందో చెప్పాను: అవసరం ఒకరిదే కావాలి, కోడ్ అందరికీ తెరిచి ఉండాలి, వాడేవాళ్ళ మాట వినాలి. "ఇదంతా మా అక్క కోసం మొదలైంది" అన్నప్పుడు చాలామంది చప్పట్ల బొమ్మలు పెట్టారు.

చివర్లో ఎవరో అడిగారు, అక్కగారు ఇప్పటికీ వాడుతున్నారా అని.

"రోజూ" అన్నాను.

గోడకి అవతల అక్క ఉంది. వినపడే ఉంటుంది.

మే 9

ఫిజియో వచ్చాడు. పాదం మెత్తబడిందన్నాడు.

మే 15

ఒకావిడ ఫిర్యాదు: "ఏప్రిల్ మార్పు తర్వాత మా అమ్మ ఒక్క మాట కూడా కూర్చలేకపోతోంది. చెప్పకుండా ఎందుకు మార్చారు?" మర్యాదగా జవాబిచ్చాను. సెట్టింగుల ఫైలు తెరిచి అందులో 9 అని రాసి పెట్టండి, పాతలాగే ఆగుతుంది, కలిగిన ఇబ్బందికి క్షమించండి. ఆవిడ అడిగిన పది నిమిషాలకే జవాబు వెళ్ళింది. ఇంత త్వరగా స్పందించేవాళ్ళు అరుదని గుడ్లగూబ మెచ్చుకుంది.

మే 16

ఆవిడ తిరుగు జవాబు రాసింది. ఇక్కడ ఎక్కిస్తున్నాను.

"చాలా థాంక్స్ అండీ. అమ్మ పొద్దున్నే మాట్లాడింది. ఆరు వారాలుగా అమ్మ పరిస్థితి దిగజారిందనుకున్నాం. డాక్టరు కూడా అదే అన్నారు. మీ అక్కగారు ఎలా ఉన్నారు?"

బస్సులో చదివాను. తర్వాతి స్టాపులో దిగి వెనక్కి నడిచాను. మధ్యలో పరిగెత్తాను కూడా.

అక్క కంప్యూటర్‌లో సెట్టింగుల ఫైలే లేదు. ఎందుకుంటుంది? ప్రోగ్రామే అక్క కొలతకి కుట్టింది. ఆ తొమ్మిది కోడ్ లోపలే ఉండేది. ఏప్రిల్ 3న లిఫ్టులో నేను దాన్ని తీసేశాను. ఏప్రిల్ 4 తెల్లవారుజామున, నేను చేసిన తెలివైన ఏర్పాటు ప్రకారం, అది అక్క దగ్గరికి వచ్చింది.

మే 17

ఆఫీసుకి వెళ్ళలేదు.

పాదం ఎప్పుడు దిగిందీ, అప్పుడు ఏ గడి వెలుగుతోందీ ప్రోగ్రాం రాసిపెట్టుకుంటుంది. ఏప్రిల్ 4 నుంచి తెరిచాను. అక్క అనుకున్న గడికీ పాదం దిగిన గడికీ మధ్య ఏడు సెకన్లు. కాబట్టి పాదం దిగిన ప్రతిచోట నుంచీ ఏడు సెకన్లు వెనక్కి వెళ్ళి అప్పుడు ఏది వెలుగుతోందో చూశాను. మాటలన్నీ కలిశాయి. అక్క బుర్రలో ఒక్క మాట కూడా తారుమారు కాలేదు.

"కిటికీ కిటికీ కిటికీ" అన్నది "ఆపు ఆపు ఆపు."

ఏప్రిల్ 8: "తమ్ముడూ మిషన్ చూడు."

ఏప్రిల్ 11, డాక్టరు దగ్గర్నుంచి వచ్చిన మర్నాడు: "నాకు బాగుంది."

ఏప్రిల్ 19. దుప్పటి దుప్పటి నీళ్ళు. ఏడు సెకన్లు వెనక్కి వెళ్తే: "వద్దు వద్దు తాళం."

నేను రెండు దుప్పట్లు కప్పాను.

ఏప్రిల్ 26, తన్నెయ్యక ముందు ఆఖరిది: "పక్కన కూర్చో."

ఎనభై ఏడు ఫిర్యాదులకి జవాబులిచ్చాను. అవి రెండు వందలైతే వాటికీ ఇచ్చాను. అక్క ఫిర్యాదు అన్నిటికంటే ముందొచ్చింది, ఆ జాబితాలో లేదు, అంతే. కాజాలావిడ నోటితో వచ్చి చెప్పింది కూడా. ఆవిడకి ఏం తెలుస్తుందని ఇదే డైరీలో రాశాను. ఆ పేజీ చించేద్దామనుకుని చించలేదు. ఉండనీ.

మే 18

కాజాలావిడకి చెప్పాను. తిడుతుందనుకున్నాను. "నేను చెప్పింది సరిగ్గా చెప్పలేదేమో బాబూ" అంది. అంతకంటే తిట్టినా బాగుండేది.

"అక్క కొట్టు ఇవ్వద్దందా?" అని అడిగింది. అవునన్నాను. బియ్యంలో రాళ్ళు ఏరుతూ కూర్చుంది. అప్పటికే ఏరిన బియ్యం అవి.

కొట్టు వైపు వెళ్ళాను. గోడలకి నీలం రంగు వేశారు. ఫోన్లు బాగుచేసే కొట్టు పెట్టారు.

మే 19

తొమ్మిది పెట్టాను. అక్క ముందు కూర్చుని మిషన్ సంగతంతా చెప్పాను. నువ్వు సరిగ్గానే ఉన్నావక్కా, నేనే చెడగొట్టాను అన్నాను. కొట్టు సంగతి నోటి దాకా వచ్చి ఆగింది. రేపు చెప్పొచ్చనుకున్నాను.

అక్క గోడ వైపు చూస్తూ ఉంది. పాదం పెడల్ మీద పెట్టలేదు.

మే 21

పెట్టలేదు.

మే 24

పెట్టలేదు. ఏం లాభంలే అన్నట్టు పడుకుని ఉంది. మూడు వారాలు తొక్కుతూ, అరుస్తూ, ఒక్కరూ వినకపోతే నేనైతే మళ్ళీ నోరు తెరుస్తానా?

చుక్కలు ఎన్నో చూడలేదు. గుడ్లగూబకి రాశాను, కొన్నాళ్ళు నువ్వే చూసుకోమని. తప్పు తనదని కుమిలిపోతూ జవాబు రాసింది. కాదని చెప్పాను. తను మా అక్కని చూడలేదు. చూసినవాణ్ణి నేను.

జూన్ 1

పొద్దున నేను పక్కన కూర్చుని ఊరికే బొత్తాం కుట్టుకుంటున్నాను. జనవరిలో ఊడిన బొత్తామే. నా కుట్టు చూడలేకపోయిందో ఏమో, అక్క పాదం పెడల్ మీదికి జరిగింది. నేను సూది పక్కన పెట్టేశాను. కాజాలావిడ పొయ్యి ఆపేసి వచ్చి నిలబడింది.

తెర మీద "కత్తెర నీళ్ళు" అని పడింది.

అర్థం లేదు. తొమ్మిది పెట్టినా అర్థం లేదు. డాక్టరు చెప్పిందే నిజమయిందా అనుకున్నాను. ఫిజియో మాట అప్పుడు గుర్తొచ్చింది, పాదం మెత్తబడిందని. మూడు వారాలకి పైగా అల్మారాలో పెట్టింది నేనే కదా ఆ పెడల్‌ని.

పాదం దిగిన వేళలు తీసి ఏడు సెకన్లు వెనక్కి వెళ్ళాను. కలవలేదు. ఎనిమిది. తొమ్మిది. పది. పదకొండు దగ్గర ఒక మాట కలిసింది, రెండోది కలవలేదు. పన్నెండు దగ్గర రెండూ కలిశాయి.

"మళ్ళీ కొలత."

స్టాప్‌వాచ్ తీశాను. రెప్ప పడిన దగ్గర్నుంచి పాదం దిగేదాకా. నలభై సార్లు. కొన్ని తప్పాయి, అవి మళ్ళీ తీశాను. పన్నెండు. పైన రెండు వదులు.

పద్నాలుగు అని అక్క కంప్యూటర్‌లోనే, అక్క ఫైల్లో రాశాను. తెల్లవారుజామున కొత్త కోడ్ తెచ్చుకునే ఏర్పాటు తీసేశాను.

జూన్ 2

అక్క మాట్లాడింది. ముప్ఫై నాలుగు నిమిషాలు. ఈసారి ఫోన్ పక్క గదిలో ఉంది. వెలుగు ఒక్కో వరస మీదా కుదురుగా కూర్చుని లేస్తుంటే, నేనూ కాజాలావిడా దానితో పాటే కూర్చుని చూశాం.

"జూన్ వచ్చింది. తాళం కాజాలావిడకి ఇవ్వు."

కాజాలావిడ నా వైపు చూడకుండా వంటింట్లోకి వెళ్ళిపోయింది. అక్క మాత్రం నా వైపే చూస్తోంది. ముఖంలో ఎడమ సగం నవ్వుతోంది కూడా. చెప్పాల్సింది ఒక్క ముక్కే, నోరు ఉన్నవాడు ఒక్క సెకనులో చెప్పేసే ముక్క. వెలుగు మొదటి వరస మీద ఆగింది, రెండో దాని మీదికి దిగింది, మూడో దాని మీదికి దిగింది.

తొమ్మిది సెకన్లు నాకు చాలలేదు. పద్నాలుగూ చాలలేదు.